పాట అయ్యేదాకా

టైలరమ్మ మొగుడు ముప్పై ఏళ్ళ పైచిలుకు సిటీ బస్సు నడిపాడు. ఊళ్ళో ఉన్న మనుషులందర్నీ ఎక్కించుకుని ఎక్కడెక్కడో దింపాడు గానీ, కట్టుకున్న పెళ్ళాన్ని మాత్రం సరదాగా వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళిన పాపాన పోలేదు. "రిటైరవనీ, రోజూ సాయంత్రం ఇద్దరం అలా తిరిగొద్దాం," అనేవాడు. ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఆ సాయంత్రాల కోసం ఎదురుచూసింది. తీరా రిటైరైన ఏడాదే ఆయన మోకాలు మొరాయించింది.

ఆపరేషను చేసి కొత్త మోకాలు పెట్టారు. దివ్యంగా జరిగిందన్నారు డాక్టర్లు. దివ్యంగా జరిగిన ఆ మోకాలితో డ్రైవరుగారు కిటికీ పక్క కుర్చీలో దివ్యంగా కూర్చున్నాడు. లేవమంటే నొప్పి అంటాడు, నొప్పి తగ్గిందా అంటే రేపు చూద్దాం అంటాడు.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. "బాబాయిగారూ, గడియారం చూస్తూ నడిస్తే విసుగొస్తుంది. ఒక పాట పెట్టుకోండి. పాట అయ్యేదాకా నడవండి, కూర్చోండి. అంతే!"

ఎవరికి చెబుతోందో తెలియక చెప్పింది పాపం. డ్రైవరుగారు రూలు మనిషి. స్టాపు కానిచోట సాక్షాత్తూ డిపో మేనేజరే చెయ్యెత్తినా బస్సు ఆపకుండా పోయినవాడు. అంత రూలు మనిషికి రూలులో సందు ఎక్కడుందో కూడా బాగానే తెలుస్తుంది. ఫోనులో వెతికి వెతికి పొట్టి పాటలు పోగేశాడు. చంటిపిల్లల పాట, సబ్బు ప్రకటన పాట, ఆటల పోటీల్లో కప్పు ఇచ్చేటప్పుడు ఊదే బాకా. బాకా మొదలవగానే లేస్తాడు, కిటికీ నుంచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వస్తాడు, బాకా ఆగగానే కుర్చీలో కూలబడతాడు.

"అప్పుడే అయిపోయిందా?" అనేది టైలరమ్మ.

"పాట అయిపోయిందిగా. నేనేమన్నా మధ్యలో ఆపానా?"

కొన్నాళ్ళు ఇలా గడిచాక ఫిజియో అమ్మాయి ఆయన కాలు వంచి చూసి మొహం మాడ్చుకుంది. గుమ్మం దాటాక టైలరమ్మతో ఉన్నమాట చెప్పేసింది. "పిన్నిగారూ, ఇలాగే కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా వంగదు. కర్ర పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరగడమే."

టైలరమ్మ గుండె ఝల్లుమంది. ఇంట్లో అటూ ఇటూ తిరగడానికా తను ఇన్నేళ్ళు ఆగింది? ఒళ్ళు మండిపోయింది కూడా. గిరుక్కున లోపలికి తిరిగి, ఫిజియో అమ్మాయిని చెయ్యిపట్టి వెనక్కి లాక్కొచ్చి, మొగుడి ఎదురుగా నిలబెట్టింది.

"ఏమండీ, రేపటినుంచి పాట నేను పెడతాను. రోజుకి ఒక్కటే. ఒక్క పాట అయ్యేదాకా ఆగకుండా నడవాలి. ఈ అమ్మాయే సాక్షి."

ఒక్కటే అనేసరికి డ్రైవరుగారి మొహం వెలిగిపోయింది. ఎంత పొడుగు పాటైనా ఐదు నిమిషాలకు మించి ఉండదు కదా అని లోలోపల లెక్క వేసుకున్నాడు. "ఒక్క పాటేగా! పెట్టుకో. మాటంటే మాట," అన్నాడు.

మాటైతే పుచ్చుకుంది గానీ పాట ఎక్కడిది? టైలరమ్మకి పాటల సంగతి బొత్తిగా తెలియదు. మిషను చప్పుడులో ఏదో ఒకటి మోగుతుంటే చాలనుకునే మనిషి. మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అడిగింది. "పొడుగు పాట. చాలా చాలా పొడుగు పాట కావాలి!"

ఫోను మొదట వాన చప్పుడు ఇచ్చింది. పది గంటల వాన. ఎందుకైనా మంచిదని కాస్త పెట్టి చూసింది. పక్కగదిలో డ్రైవరుగారు మేడమీద బట్టలు తడుస్తున్నాయని అరిచాడు, ఆ వెంటనే బాత్‌రూముకి పోవాలన్నాడు. వాన లాభం లేదని తీసేసింది. కిందికి జరుపుతూ పోతే ఒకచోట ఒక చిన్న బొమ్మ కనిపించింది. కిటికీలో ఒక దీపం, కింద 'పక్కింటివాళ్ళు పడుకున్నారు' అని పేరు. పొడవు నలభై నిమిషాల పైమాటే. సరే చూద్దామని నొక్కింది.

మెల్లగా దుబ్బు దుబ్బుమని ఏదో మొదలైంది. దానిమీద సన్నటి గీతలా ఇంకో చప్పుడు వచ్చి చేరింది. ఎక్కడా మాటల్లేవు. ఇదేం పాటరా నాయనా అనుకుంటూనే టైలరమ్మ ఒక ప్యాంటు మిషను కింద పెట్టింది. కాళ్ళు వాటంతటవే తొక్కడం మొదలుపెట్టాయి. ఆవిడ తొక్కుతోందో, ఆ చప్పుడే తొక్కిస్తోందో తెలియలేదు. ఒకటి వెళ్ళిపోతోందనుకునే లోపల ఇంకోటి వచ్చి కలుస్తోంది, ఎప్పుడొచ్చిందో పట్టుకుందామంటే దొరకదు. ఒంట్లో ఎక్కడో కితకితలు పెట్టినట్టయింది. చివర్లో చప్పుళ్ళన్నీ సర్దుకున్నాక ఒక ఆడపిల్ల గొంతు, చెవిలో చెప్పినట్టు గుసగుసగా, "అంతే. అయిపోయింది. ఇక వెళ్ళి పడుకోండి," అంది.

అప్పుడు గానీ టైలరమ్మ ఈ లోకంలోకి రాలేదు. పొయ్యి మీద పాలు పొంగి పొయ్యంతా తడిసింది. ఎదురుగా కుట్టిన ప్యాంట్లు గుట్టగా ఉన్నాయి. అందులో ఒక ఆఫీసు గుమాస్తా ప్యాంటుకి అంచు మడిచి కుట్టాల్సింది పోయి, రెండు కాళ్ళూ కింద మూసేసి కుట్టేసింది. వాటిని చూసుకుని ఒక్కతే పడీపడీ నవ్వింది.

ఇక ఆ రోజు నుంచి ఆవిడని పట్టుకోగలిగినవాళ్ళు లేరు. ఆ గుసగుసల పిల్ల రోజంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని, రాత్రుళ్ళు పక్కింటివాళ్ళు లేస్తారని భయపడుతూ తన గదిలో ఈ పాటలు అల్లి పెడుతుందట. వినేవాళ్ళు గుప్పెడుమంది. ఆ పిల్ల పెట్టిన చోటునుంచి ఇంకోచోటికి, అక్కణ్ణుంచి ఇంకోచోటికి దారులున్నాయి. ఒకాయన వారానికొక గంట లిఫ్టుల గురించే మాట్లాడతాడు, ఏ లిఫ్టు ఎలా మూలుగుతుందో వినిపిస్తాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు చిన్నప్పుడు ఎవరి గౌను ఎవరు చింపారో ఇప్పటికీ తేల్చుకోలేక గంటలకొద్దీ పోట్లాడుకుంటారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యమనలేదు. "ఇంతమంది ఇన్ని రకాలుగా మాట్లాడుకుంటుంటే నాకు ఒక్కరూ చెప్పలేదేమే!" అని టైలరమ్మ బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ నిలదీసింది.

సరే, అసలు సంగతికి వద్దాం. నలభై నిమిషాల పాట చేతిలో ఉంది. కానీ కొత్త మోకాలితో మొదటిరోజే అంతసేపు నడిపిస్తే ఇంకేమన్నా ఉందా? ఫిజియో అమ్మాయికి ఫోను చేసి అడిగింది. "ముందు ఆరేడు నిమిషాలు చాలు పిన్నిగారూ, తర్వాత మెల్లమెల్లగా పెంచండి," అంది ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ. టైలరమ్మకి కొలతలు చెప్పాలా? ఫోను తెర మీద గీత, గీత మీద చుక్క. చుక్కని వేలితో చివరిదాకా లాగి, తోకలో ఆరు నిమిషాలు మిగిలేలా సర్దింది. మొదలైంది డ్రైవరుగారి నడక.

రెండు నిమిషాలకి ఆయన, "ఇదేం పాట? గిన్నెలు తోముతున్నట్టుంది," అన్నాడు.

"నడవండి."

నాలుగు నిమిషాలకి, "మాటలెప్పుడొస్తాయి?" అన్నాడు.

"నడవండి, వస్తాయి."

ఐదు దాటాక కుర్చీవైపు ఆశగా చూశాడు. "ఈ పాట కట్టినవాడికి ఇల్లూ వాకిలీ లేవుటే!" అన్నాడు. అంతలో ఆ పిల్ల గుసగుసగా పడుకోమంది. "నువ్వే పడుకో తల్లీ!" అని ఆయన కుర్చీలో పడ్డాడు.

మర్నాడు ఎనిమిది నిమిషాలు. ఆ మర్నాడు పది. డ్రైవరుగారికి అనుమానం వచ్చింది. నిన్న లేని ముక్క ఇవాళ ముందు వినిపిస్తోంది, నిన్నటిది దాని వెనకాల వస్తోంది. దొరికిపోయానని తెలిసినా మాట ఇచ్చిన మనిషి కదా, ఆగలేడు. ఆగాలంటే పాట అయిపోయిందని రుజువు చెయ్యాలి. అందుకని చెవులు రిక్కించుకుని నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉన్నట్టుండి చెయ్యెత్తి గదిమధ్య నిలబడిపోయాడు.

"ఆగు! ఇక్కడ అయిపోయింది. ఇది వేరే పాట. ఇప్పుడే గేరు మార్చింది, నేను విన్నాను. గేరు మారడం నాకు తెలియదా!"

టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసి, తీరిగ్గా అంది. "గేరు మారిస్తే బస్సు ఆగినట్టాండీ? పాసింజర్లు దిగిపోతారా?"

డ్రైవరుగారు ఎత్తిన చెయ్యి దించి మళ్ళీ నడిచాడు.

కానీ చెవి రిక్కించినవాడు ఊరుకుంటాడా? ఎక్కడ మారుతుందో పట్టుకోవాలన్న పట్టుదల పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ, "ఇదిగో, సెకండు నుంచి థర్డు... ఆహా!" అనేవాడు. "ఎత్తు ఎక్కుతోంది చూడు. తొందరపడలేదు. కుదుపు లేదు. నాకింద ట్రైనింగైన ఒక్క వెధవకైనా ఇంత మెత్తగా చేతనైందా!" అని మురిసిపోయేవాడు. పదిహేను నిమిషాలు నడిచానన్న సంగతే తెలిసేది కాదు. మోకాలు వంగుతోంది. ఫిజియో అమ్మాయి వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. టైలరమ్మ వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక చిన్న గంతు వేసింది.

ఇరవై నిమిషాలు దాటాక ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. "అసలు ఇది మొదలెలా ఉంటుందే?"

"నడిస్తే తెలుస్తుంది."

"ఒక్కసారి కూర్చుని వింటాను."

"కుదరదు. ఎంత నడిస్తే అంత."

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు దొంగచాటుగా ఫోను తీశాడు. ఎక్కడ నొక్కాడో ఏమో, లిఫ్టుల ఆయన దొరికాడు. ఆవిడ తల ఆరబెట్టుకుంటూ వచ్చేసరికి, ఒక ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తులో ఎందుకు తుమ్ముతుందో నోరు వెళ్ళబెట్టుకుని వింటున్నాడు. ఆ పూట ఇద్దరూ కలిసే విన్నారు. తుమ్మినప్పుడల్లా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. పెళ్ళైన కొత్తల్లో కూడా వాళ్ళు అంతలా నవ్వుకోలేదు.

అంతా బాగానే సాగుతుంటే, ఇంకో పది నిమిషాల్లో మొదలు అందుతుందనగా, ఒక ఉదయం పాట మాయమైపోయింది. చుక్క లేదు, గీత లేదు. దీపం బొమ్మ ఉండాల్సినచోట బూడిదరంగు గడి, అందులో 'ఇది ఇప్పుడు అందుబాటులో లేదు' అని ఉంది. టైలరమ్మ ఫోను ఆపి మళ్ళీ పెట్టింది, దులిపింది, తిట్టింది. ఏం చేసినా రాలేదు.

డ్రైవరుగారు కుర్చీలో కూర్చున్నాడు. "పాట లేదు. రూలు ప్రకారం నడక లేదు."

"ఆ పిల్లదే ఇంకోటి పెడతానండీ!"

"మొదలు వినకుండా ఇంకోటి ఎలా ఎక్కుతాను? నాకొద్దు."

అలక అంటే అలాంటిలాంటి అలక కాదు. ఆ రోజు లేవలేదు, మర్నాడూ లేవలేదు. ఇంకో రెండు రోజులకి బలవంతాన లేపితే మోకాలు పట్టేసి, గోడ పట్టుకుని అడుగు వేశాడు. ఆ అడుగు చూసేసరికి టైలరమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతదాకా తెచ్చి ఇక్కడ పోగొట్టుకోవాలా? ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. మిషను పక్కన పెట్టి, ఆ పిల్ల పేజీలో 'మాట్లాడండి' అన్న చోట నొక్కి, ముక్కూ మొహం తెలియని పిల్లని ఫోనులోనే దులిపేసింది.

"ఏమ్మా అమ్మాయ్! నీ పాట ఎందుకు తీసేశావ్? ఎవర్నడిగి తీశావ్? మా ఆయన దానిమీదే నడుస్తున్నారు. కొత్త మోకాలు. నువ్వు తీసేశావు, ఆయన కూర్చుండిపోయారు. మొదలు వినేదాకా లేవరట. నేను నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను, అది మళ్ళీ పెట్టు తల్లీ. నేను టైలర్ని, నీకేమన్నా కుట్టాలంటే కుట్టి పంపిస్తాను."

సాయంత్రం జవాబొచ్చింది. పక్కింటివాళ్ళు మెలకువగా ఉండే వేళ కూడా ఆ పిల్ల గుసగుసగానే మాట్లాడుతుంది, అలవాటు కాబోలు.

"పిన్నీ... మీరేనా ఆ చివర వినేది? నా దగ్గర ఒక గీత కనబడుతుంది పిన్నీ, ఎవరు ఎక్కడిదాకా విన్నారో చెబుతుంది. ఎవరో రోజూ వస్తున్నారు, మొదలు వదిలేసి తోక మాత్రం విని పోతున్నారు. రోజూ! మొదలు అంత దరిద్రంగా కట్టానా అని ఏడుపొచ్చేసింది. సరిచేసి పెడదామని తీసేశాను. తీసి పది రకాలుగా చేశాను, ఒక్కటీ కుదర్లేదు."

టైలరమ్మ ముందు నిర్ఘాంతపోయింది. తర్వాత నవ్వు మొదలైంది. మిషను మీద వాలి నవ్వింది, గోడకి ఆనుకుని నవ్వింది. మొగుణ్ణి ఒక్కో నిమిషం ముందుకు లాగుతూ తను, ఆ గీత చూసుకుని కుమిలిపోతూ ఎక్కడో ఆ పిల్ల! జాలి కూడా వేసింది. వెంటనే ఫోనందుకుంది.

"ఓసి పిచ్చిపిల్లా! మొదలు నేను మొదటిరోజే విన్నాను. అది వింటూ ఒకాయన ప్యాంటు కాళ్ళు మూసి కుట్టేశాను, అంత బాగుంది. మా ఆయన దానికోసమే నడుస్తున్నారు. ఒక్క దారం కూడా విప్పకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

కాసేపటికి దీపం బొమ్మ తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక గుసగుస వచ్చింది. "ఏమీ మార్చలేదు. బాబాయిగారికి నా నమస్కారాలు చెప్పండి. పడుకోమన్నందుకు ఏమనుకోవద్దనండి."

డ్రైవరుగారు అది రెండుసార్లు విన్నాడు. "నన్ను బాబాయి అంది," అన్నాడు. గోడ పట్టుకుని లేచాడు, ఆ వారమంతా పోయిన నిమిషాలన్నీ ఒకటొకటిగా మళ్ళీ కూడగట్టాడు. టైలరమ్మ అడగకుండానే పూటకి రెండుసార్లు నడిచాడు. చుక్క గీత మొదటికి చేరే రోజు వచ్చింది. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని తయారయ్యాడు.

"ఇంట్లో అటూ ఇటూ ఎంతసేపు? ఫిజియో అమ్మాయి సరేనంది. పద బయటికి," అన్నాడు.

టైలరమ్మ చేతిలో కత్తెర ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. గబగబా చీర మార్చుకుని, దాచిపెట్టుకున్న కొత్త చెప్పులు తీసి వేసుకుంది. ఆయన ఫోను చొక్కా జేబులో పెట్టుకుని గుమ్మం దిగాడు. గేటు దగ్గర పాట మొదలైంది. దుబ్బు, దుబ్బు, దుబ్బు. చాలాసేపు అంతే, ఇంకేమీ లేదు. ఆయన వేలెత్తి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"వేడెక్కనిస్తోందే! బండిని వేడెక్కనిస్తోంది! ఎక్కీ ఎక్కగానే తొక్కలేదు చూశావా!" అని సంబరంగా ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచాడు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. జేబులో పాట, వెనకాల కొంతదూరం ఒక కుక్క. మలుపు తిరిగాక ఆయన ఆగకుండానే తల తిప్పి చూస్తూ, "ఇక్కడ ఇంత పెద్ద బూట్ల కొట్టుందా? రోజూ ఇటే వచ్చేవాణ్ణే!" అన్నాడు.

"మీరు రోడ్డు చూశారు. కొట్టు ఎక్కడ చూశారు?"

నిజమే, ఆయన ఊరంతా అద్దంలోంచి చూసినవాడు. ఇప్పుడు ప్రతి గుమ్మం వింతే. మంగలి దుకాణంలో సబ్బు వాసన, ఎవరి మేడమీదో ఆరేసిన దుప్పట్లు, బల్లమీద గుర్రుపెట్టి నిద్రపోతున్న తాళాలాయన. అన్నిటికీ ఆవిడ దగ్గర ఒక కథ ఉంది, ఎవరి నడుము ఎంతో, ఎవరి పిల్ల ఎవరితో లేచిపోయిందో. ఆయన నవ్వుతూ, గేరు మారినప్పుడల్లా "ఇదిగో!" అంటూ, అడుగుమీద అడుగు వేస్తూ నడిచాడు. ఎంతదూరం వచ్చారో ఇద్దరికీ పట్టలేదు. ఒక బస్‌స్టాపు దగ్గరకొచ్చేసరికి జేబులోంచి ఆ పిల్ల వెళ్ళి పడుకోమంది.

అప్పుడు చూసుకున్నారు. ఇల్లు ఎక్కడో ఉంది. టైలరమ్మ మడమలు రెండూ కొత్త చెప్పులకి కొట్టుకుపోయి భగభగమంటున్నాయి. అంతలో దేవుడు పంపినట్టు ఒక బస్సు వచ్చి ఆగింది. స్టీరింగు ముందున్నవాడు ఆయన శిష్యుడే.

"గురువుగారూ! మీరేనా! ఎక్కండెక్కండి, ఇంటిదగ్గర దింపేస్తా," అని అరిచాడు.

టైలరమ్మ అప్పటికే ఒక కాలు మెట్టుమీద పెట్టేసింది. డ్రైవరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దింపాడు.

"నువ్వు పోనీవయ్యా. మేమిద్దరం నడుస్తున్నాం," అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. టైలరమ్మ ఆ పోయే బస్సుని, ఈ నిలబడ్డ మొగుణ్ణి మార్చి మార్చి చూసింది. "మీ మోకాలు సరే, నా కాళ్ళేం కావాలండీ!"

"తిప్పలేదు తిప్పలేదని ఇన్నేళ్ళు దెప్పావుగా. ఇప్పుడు తిప్పుతాను, రా. ఇంకోటి పెట్టు. పొట్టివి వద్దు."

టైలరమ్మకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, రెండిట్లో ఏదీ ఆపుకోలేదు. చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుంది, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. పాట ఆయన్నే వెతుక్కోమంది.